నాలుగు సెకన్ల గుమ్మం

రోహిణికి 20 రోజులు

ఈ మరమ్మతు పుస్తకం మొదటి పేజీలో మూడు సూచనలు అచ్చువేసి ఉన్నాయి. సాంకేతిక విషయాలు మాత్రమే రాయాలి. సొంత అభిప్రాయాలు రాయకూడదు. ఒకసారి రాసింది దిద్దకూడదు, కొట్టేయకూడదు. మూడోది పాటిస్తాను. మొదటి రెండూ రాసిన మహానుభావుడు రోహిణి ముందు రోజుల్లో వచ్చి ఈ గుమ్మం దగ్గర ఒక్క గంట నిలబడితే, వాటి సంగతీ ఆలోచిస్తాను.

విషయం: డ్రైవ్‌లను లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించడం పూర్తయింది. బిడ్డ పుట్టగానే ఇచ్చే పుట్టుడు ల్యాప్‌టాప్‌లు పద్దెనిమిది వేలు, పది బల్లలు, ఆరు రోజులు. జనం వార్డుల వారీగా వస్తారు. ఎర్రగుడ్డ విప్పి, పసుపు బొట్టు చెదరకుండా ల్యాప్‌టాప్ బల్ల మీద పెడతారు. నేను కేబుల్ గుచ్చుతాను. అది రెండు నిమిషాలు నానా తిప్పలు పడి పచ్చ దీపం వెలిగిస్తుంది. ప్రతి ముసలమ్మా అడిగేది ఒక్కటే: "చేతులు కడుక్కున్నవా బిడ్డా?" కడిగీ కడిగీ నా చేతుల చర్మం ఊడుతోంది.

పై ఆఫీసు నుంచి విభాకర్ అనే ఇంజినీరు దిగాడు. ఈ ఎండల్లో కూడా చొక్కాకి ఇస్త్రీ నలగదు. ఎలాగో నాకు తెలియదు, అడగను కూడా.

"అప్‌డేట్‌కు ముందు సెకనుకు నాలుగున్నర వేల మెగాబైట్లు. ఇప్పుడు ఏడు వేలు. ఇది చరిత్ర, భూదేవి గారూ" అన్నాడు.

"చరిత్రనో కాదో గుమ్మం చెప్తది సారూ" అన్నాను.

ఈ అప్‌డేట్‌ను వెనక్కి తీయడానికి వీల్లేదట. ఆ మాట అందరికీ ఎక్కించాక చెప్పాడు.

రోహిణికి 16 రోజులు

ఈ ఉదయం గుమ్మం దగ్గర రిహార్సల్ జరిగింది. నాలుగు వందల పన్నెండు మంది ఆగిపోయారు.

ఈ పుస్తకం చదివే ఆఫీసువాళ్లు గుమ్మం ఎప్పుడూ చూసి ఉండరు కాబట్టి రాస్తున్నాను. మా ముత్తవ్వ కాలంలో రోహిణి కార్తె రెండు వారాలు. ఇప్పుడు తొంభై రోజులు. ఆ తొంభై రోజులు నేల పైన మనిషి బతకడు. బొగ్గు అయిపోయిన ఈ బావిలోకి ఊరంతా దిగాలి. దిగడానికి ఐదు ఉదయాలు, పూటకు నాలుగు గంటలు, రెండు గుమ్మాలు. మనిషికి ఎనిమిది సెకన్లు వస్తాయి. అందులో నాలుగు నడవడానికి, నాలుగు ల్యాప్‌టాప్‌ను గుమ్మం చదవడానికి. నాలుగు దాటితే ఎర్ర దీపం వెలుగుతుంది, పక్కకు తప్పుకోవాలి. దీపం ఎర్రగానే ఉండిపోతే ఎండకే.

గుమ్మం చదివేది మొదటి రాత. బిడ్డ పుట్టిన గంటలో రాసే తొమ్మిది గిగాబైట్లు: ఒళ్లంతా తీసిన బొమ్మలు, రక్తం, కంటిపాప, తల్లి గొంతు. అది రాశాక మళ్లీ ముట్టరు. తెరిచి వినరు కూడా, వింటే అరుగుతుందని. ఏడాదికి ఒక్కసారి గుమ్మం చదువుతుంది, అంతే.

నిరుడు వరకు అందరికీ రెండు, మూడు సెకన్లు పట్టేది. ఈ రోజు పిల్లలు ఒకటిన్నర సెకన్లో దూసుకుపోయారు. విభాకర్ చప్పట్లు కొట్టాడు. తర్వాత ముసలివాళ్ల వరుస మొదలైంది. పన్నెండు సెకన్లు. పంతొమ్మిది. ముప్ఫై. అందరికంటే ఆఖరు నలభై ఒకటి. ఆ ల్యాప్‌టాప్ సర్దార్ ఓదెలుది.

ఓదెలు ఈ గుమ్మానికి ఇరవై ఆరేళ్లు సర్దారు, అంటే కాపలా పెద్ద. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు, భార్య పోయింది, పిల్లల్లేరు. నాలుగు సెకన్ల నియమం పెట్టింది ఆయనే. అంతకుముందు ఒక వేసవిలో వరుస కదలక, పొద్దెక్కి, అరవై మంది నిలుచున్నచోటే కూలిపోయారు. అందుకని పెట్టాడు. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. పదకొండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

ఎర్ర దీపం చూసి ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. "గుమ్మం కరెక్టే ఉన్నది, నాదే ఆలిశ్యం" అని ల్యాప్‌టాప్‌కు గుడ్డ చుట్టుకుని పోయాడు. నా వైపు చూడలేదు. నేను చూశాను, అబద్ధం ఎందుకు.

రోహిణికి 15 రోజులు

విభాకర్‌తో పొద్దంతా గొడవ.

"ఇంటర్‌ఫేస్ సరిగ్గా ఉంది. డేటా వచ్చే నాలుగు లేన్లూ వెలుగుతున్నాయి. కేబుల్ మార్చాం, స్లాట్ మార్చాం. చూడండి, ఏడు వేల ఇరవై" అంటూ స్క్రీన్ నా మొహం మీదకు తిప్పాడు. అది ఓదెలు ల్యాప్‌టాప్ అంకె. నేనే వెళ్లి పక్కింటివాళ్ల చేత తెప్పించాను.

"ఏం చదివితే ఏడు వేలొచ్చింది సారూ?"

"టెస్ట్ ఫైల్. రాయడం, చదవడం. ప్రామాణిక పరీక్ష."

"ఇప్పుడు రాసిన ఫైలేనా?"

"మరి పరీక్ష అంటే అదే కదండీ."

"గుమ్మం నీ టెస్ట్ ఫైలు చదువుతదా? అరవై ఎనిమిదేండ్ల కింద రాసింది చదువుతది. అది చదివి చూపియ్యి."

చదివించాడు. రెండు వందల ఇరవై. స్క్రీన్ వంక చూసి, "సగటు తీస్తే బాగానే ఉంటుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సగటు తీస్తే నాలుగు వందల పన్నెండు మంది చచ్చినా ఊరు బాగానే ఉంటుంది. ఆ మాట మొహం మీదే అన్నాను. వ్యక్తిగత అభిప్రాయం అన్నాడు.

రోహిణికి 13 రోజులు

దొరికింది. దొరికేలా చేసినవాడు మొగిలి. వాడికి ఆ సంగతి తెలియదు.

మొగిలికి అరవై ఏడేళ్లు. పుట్టుడు ల్యాప్‌టాప్‌లో సినిమాలు చూసే ఏకైక మనిషి. దాని మీద చాయ్ గ్లాసు పెడతాడు. పేకముక్కలు పంచుతాడు. పూజ లేదు, గుడ్డ లేదు, మూతకు పగులు. ఊళ్లో ఆడవాళ్లు వాణ్ని చూస్తే ఉమ్మేస్తారు. రిహార్సల్లో వాడికి పట్టింది రెండు సెకన్లు. వాడి ఈడువాళ్లలో పచ్చ దీపం వెలిగింది వాడికి, వాడిలాంటి మరో పది మంది దరిద్రులకు.

వాడింటికి వెళ్లాను. ల్యాప్‌టాప్ చల్లటి బండ మీద, కరెంటు గుచ్చి ఉంది. "ఎప్పుడన్న ఆపుతవా దీన్ని?" అని అడిగాను.

"ఆపితే బొమ్మెట్ల వస్తది అక్కా?" అన్నాడు. వాడు నాకంటే ఇరవై మూడేళ్లు పెద్ద, అయినా అక్కా అంటాడు.

అక్కడి నుంచి ఎర్ర దీపం వచ్చిన ఇళ్లు వరుసగా తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఒకటే ఏర్పాటు. పొయ్యి పైన గూడు, గూట్లో దీపం, దీపం పక్కన ఎర్రగుడ్డలో ల్యాప్‌టాప్. ఏడాదంతా కరెంటు లేకుండా, పొయ్యి సెగలో.

డ్రైవ్‌లో రాత అంటే చిన్న చిన్న గదుల్లో దాచిన కరెంటు. కరెంటు ఇస్తూ ఉంటే డ్రైవ్ తన గదులను తనే చూసుకుంటుంది, వాడిపోయినవాటిని తిరిగి నింపుకుంటుంది. ఇవ్వకుండా సెగలో పెడితే కొద్దికొద్దిగా కారిపోతుంది. పాత ఫర్మ్‌వేర్ వాడిన గదిని చూసి అందాజాగా చదివేసి పోయేది. కొత్తది ఖాయం చేసుకునేదాకా పది సార్లు, ఇరవై సార్లు అడుగుతుంది. అదీ ఆలస్యం.

అంటే ఎంత భక్తి ఉంటే అంత నెమ్మది. ఈ ఊరికి చెప్పుచ్చుకుని కొట్టి చెప్పాలనిపించింది. మా అమ్మ కూడా అలాగే గూట్లో పెట్టేది, కాబట్టి నోరు మూసుకున్నాను.

రోహిణికి 12 రోజులు

మందు నాకు తెలుసు. మొదటి రాతను పూర్తిగా చదివి పక్కన దాచి, అదే చోట తిరిగి రాయడం. పది నిమిషాల పని. రాసిన మరుక్షణం రెండు సెకన్లలోపు వస్తుంది.

ఎలా తెలుసంటే, పదకొండేళ్ల కింద ఒకసారి చేశాను. ఆరేళ్ల పిల్ల. ల్యాప్‌టాప్ కిందపడి రాత చెడింది. తిరిగి రాస్తే డ్రైవ్ ఆ రోజు తేదీనే వేసుకుంటుంది, గుమ్మం దాన్ని చంటిబిడ్డ అనుకుంటుంది. ఐదేళ్లలోపు రాత ఉన్నవాళ్లను పెద్దవాళ్లు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. చేయిపట్టు అంటాం. ఒక పెద్దకు ఒక్క చేయిపట్టే. ఆ తల్లికి అప్పటికే చంకలో చంటివాడున్నాడు, తండ్రి లేడు, ఖాళీ చెయ్యి ఇంకొకటి దొరకలేదు. అందుకని పిల్ల పాత తేదీ నేనే దిద్ది వేశాను. పిల్ల దిగింది, బతికింది. ఓదెలు పుస్తకం తనిఖీ చేసి, దొంగరాత అని ఫిర్యాదు రాశాడు. నన్ను జీవితాంతం రెండో మెట్టులో వేశారు.

బావిలో ఒకదాని కింద ఒకటి తొమ్మిది మెట్లు. తొమ్మిదోది చల్లన. రెండోదాంట్లో నలభై ఒకటి డిగ్రీలు, తొంభై రోజులు. మొదటి ఏడాది నాతోపాటు అక్కడున్నవాళ్లలో ముగ్గురు పైకి రాలేదు. ఓదెలుది తొమ్మిదో మెట్టు. ఇది వ్యక్తిగత అభిప్రాయం కాదు, రికార్డు.

రోహిణికి 9 రోజులు

పంచాయతీ పెట్టి చెప్పాను: తిరిగి రాస్తాను, తేదీ మాత్రం దిద్దను. తేదీ దిద్దితే దొంగరాత, దిద్దకపోతే కొత్తరాత. నియమాల్లో కొత్తరాత మీద నిషేధం ఎక్కడా లేదు, ఎందుకంటే ఇంత పాపం ఎవరైనా చేస్తారని రాసినవాళ్లకు తోచలేదు. ఈ నాలుగు వందల పన్నెండు మందీ గుమ్మం లెక్కలో ఈ వారం పుట్టిన బిడ్డలవుతారు. ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద చెయ్యి పట్టాలి. చెయ్యి పట్టినవాళ్ల మెట్టే వీళ్ల మెట్టు, ఐదేళ్లు.

గోలగోల అయింది. ఒకావిడ నా మీద దుమ్మెత్తి పోసింది. నిజంగానే, చేత్తో తీసి. "మా అవ్వ గొంతు మీద నీ గొంతు రాస్తవా?" అంది. మీ అవ్వ గొంతునే మళ్లీ రాస్తానని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి అరిచాను.

విభాకర్‌ను సంతకం అడిగాను. "మీరేం చేస్తారో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు. నా నివేదికలో నూటికి నూరు రావాలి" అన్నాడు. ఆ మాటను ఇక్కడ ఉన్నదున్నట్టు రాశాను. చదివి, దిద్దమన్నాడు. మూడో సూచన చూపించాను.

రోహిణికి 6 రోజులు

నాలుగు వందల పదకొండు అయ్యాయి. మొదట తిట్టినవాళ్లే మొదట వచ్చారు. దుమ్ము పోసినావిడ అయితే కోడలి చెయ్యి పట్టుకుని వచ్చి, "నా బిడ్డా, జెర పైలంగ రాయి" అంది.

ఓదెలు రాలేదు. నేనే వెళ్లాను. ఎందుకెళ్లానో రాస్తాను. ఆయన చస్తే నా కోపం ఎవరి మీద పెట్టుకోను? పదకొండేళ్లు మోశాను. ఆయన ఎండలో కూలిపోతే అది నా నెత్తి మీదే ఉండిపోతుంది, దించే చోటు ఉండదు.

ఆయన తన ఇంటి గుమ్మంలో కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. రమ్మనలేదు.

"ల్యాప్‌టాప్ తియ్యి సర్దారు" అన్నాను.

"నా రాత మీద చెయ్యి పడనియ్య. సక్కగ రాసిన్రు, సక్కగనే పోత."

"పోతవు. ఆరు రోజులల్ల పోతవు."

"నియమం నేనే పెట్టిన. నాకోసం నేనే ఒంచాల్నా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే బడాయి ఎక్కువుంది. ఆ బడాయి నాకు బాగా ఎరుకే, నేర్చుకున్నది ఆయన దగ్గరే కదా.

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. గూట్లో నుంచి ల్యాప్‌టాప్ లాక్కుని, గుడ్డ విప్పి, తెరిచాను. ఆయన లేచేలోపు మొదటి రాతలోని గొంతు వినిపించే మీట నొక్కాను. "ముద్దుగ దాసుకున్నవు గద, ఏం మిగిలిందో ఇను" అన్నాను.

ముందు గరగర వచ్చింది. ఆగిపోయింది. మళ్లీ గరగర. కొత్త ఫర్మ్‌వేర్ ఒక్కో గదినీ పీకి పీకి అడుగుతోంది. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు, అలిసిపోయి ఉంది, మధ్యమధ్య తెగిపోతోంది.

"...ఓదెలు అని రాసుకో సారూ. మల్లన్నకు మొక్కుకున్న..." ఆగింది. "...ఎంతున్నడు? కిలో తొమ్మిది వందలా? గట్ల రాయకు. రెండు కిలోలు లేకుంటె కిందికి రానియ్యరు గద..." ఆగింది. "...నీ కాల్మొక్కుత. ఒక్క వంద. ఒక్క వంద ఎక్కువెయ్యి."

తర్వాత మగ గొంతు. "ఊకో తల్లీ, ఏడ్వకు. రెండున్నర రాస్తున్న."

అక్కడితో తెగిపోయింది. ఆ రోజుల్లో రెండు కిలోల లోపు బిడ్డలను గాలి దండగ అని బావిలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఓదెలు వేపపుల్ల కింద పడేశాడు. నేను తిట్టాలనుకున్నవి పదకొండేళ్లవి ఉన్నాయి. ఒక్కటీ అనాలనిపించలేదు. నాకే ఆశ్చర్యం.

ఆయన ల్యాప్‌టాప్ వంక చూస్తూ, "ఇంకో ఏడాదైతె ఇది ఇనరాదా?" అని అడిగాడు.

"అస్సలు ఇనరాదు."

"రాయి మరి" అన్నాడు. గుడ్డ మడిచి నా చేతికిస్తూ, "చెయ్యి ఎవలు పడ్తరు?" అన్నాడు.

"ఊళ్లె ఎవలోళ్లను వాళ్లు పట్టుకున్నరు, నీకెవలు లేరాయె. నాదే ఖాళీగున్నది. కని నా మెట్టే నీ మెట్టయితది. ఐదేండ్లు."

"ఎరుకే. ఆ నియమం సుత నేనే రాసిన" అన్నాడు ఓదెలు.

దిగుడు, మూడో ఉదయం

వరుస నాలుగున్నరకు మొదలైంది. మేం ఏడింటికి గుమ్మం చేరాం. నా ల్యాప్‌టాప్ ముందు, ఒకటి పాయింట్ ఎనిమిది. ఆయనది తర్వాత, ఒకటి పాయింట్ మూడు. పచ్చ దీపం వెలిగింది కానీ గుమ్మం తెరుచుకోలేదు. "శిశువు. చెయ్యి పట్టుకోండి" అంది యంత్రం, చుట్టూ నలుగురికీ వినబడేలా. వెనక నుంచి మొగిలి పగలబడి నవ్వాడు.

ఓదెలు చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. అరచెయ్యి నాలాగే కాయలు కాసి ఉంది. "శిశువు ఓదెలు, భూదేవి పోషణలో, రెండో మెట్టు" అని యంత్రం చదివింది. ఆయన తల దించలేదు. తొమ్మిదో మెట్టుకు పోయే ట్రాలీ మా ముందు నుంచే వెళ్లిపోయింది.

రోహిణి, 4వ రోజు

ఆఫీసు నుంచి తంతి. నూటికి నూరు మంది దిగినందుకు విభాకర్‌కు ప్రశంస. ఈ ఏడాది శిశు జననాలు నాలుగు వందల పన్నెండు పెరిగినందుకు ఊరికి అభినందన. నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్లు తాగాను.

ఇక్కడ నలభై ఒకటి. ఓదెలుకు మొదటి రెండు రోజులు వాంతులు. తడిగుడ్డ వేశాను, తిట్టుకుంటూ వేశాను. గోడ మీద నేను గీసుకున్న గీతలు చూశాడు, ఏడాదికొకటి.

"పదకొండా?" అన్నాడు.

"లెక్క వస్తది గద నీకు."

"ఆ పిల్ల ఇప్పుడేడున్నది?"

"తొమ్మిదో మెట్టు. నర్సు పని నేర్సుకుంటున్నది. నిన్న నీకు మందు పంపింది ఆమెనే."

ఆయన గోడకు ఒరిగి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని నీళ్లకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఈ పుస్తకం ఆయన ఒళ్లో ఉంది. ఇంకొకరి పుస్తకంలో రాయడం నియమాలకు విరుద్ధం. ఆ నియమం కూడా ఆయన పెట్టిందే. కింద ఉన్నది ఆయన చేతిరాత:

ఆ పిల్ల తేదీ సంగతిల భూదేవి మీద నేను రాసిన ఫిర్యాదు తప్పు. నన్ను సుత గట్లనే బతికిచ్చిన్రు. — ఓదెలు, పాత సర్దారు, రెండో మెట్టు.

పదకొండేళ్లు ఆలస్యం. కొట్టేద్దామని పెన్ను తీశాను. దిద్దుబాట్లు నిషేధం, అలాగే ఉంచాను.